అద్దం మీది సిలువ

స్వామిదాసు ఆ కారును ఇంజను చూసి కొనలేదు, టైర్లు చూసి కొనలేదు. వెనక అద్దం మీద ఎర్రటి సిలువ, దాని కింద 'ప్రభువే మా తోడు' అన్న అక్షరాలు చూసి కొన్నాడు. అలాగని అమాయకుడేం కాదు. ఎల్లారెడ్డిలో సర్కారు ఆఫీసులో అటెండరు. వచ్చినవాడు ఏ పని మీద వచ్చాడో, ఏ అబద్ధం చెప్పబోతున్నాడో గడప దాటకముందే చెప్పేస్తానని గొప్పలు పోయే మనిషి. అంతటివాడు అతికించిన బొమ్మ ముందు బోర్లా పడ్డాడు.

కారు కావలసి వచ్చింది తల్లి సాలవ్వ కోసం. ఆమె కిడ్నీలు పాడైపోయాయి. ఎల్లారెడ్డిలో ఖాళీ లేదని కామారెడ్డి దవాఖానకు రాసిచ్చారు. వారానికి మూడు సార్లు అక్కడికి పోయి రక్తం కడిగించుకుని రావాలి. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా పోయినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. పోయేటప్పుడు ఎలాగో నిలబడేది గానీ, వచ్చేటప్పుడు మాత్రం ముసలామె బస్సు మెట్ల మీదే కూలబడేది. ఒకసారి లింగంపేట దగ్గర వాంతి చేసుకుంటే పక్కనున్నవాళ్ళు ముక్కులు మూసుకుని తిట్టారు. ఆ తిట్లు స్వామిదాసు చెవుల్లో ఉండిపోయాయి. ఇంటికి రాగానే భార్య ఎస్తేర్‌తో, "మా అవ్వను ఇగ బస్సు ఎక్కియ్య. ఏమన్నగాని," అన్నాడు. కూడబెట్టిన చిట్టీ ఎత్తుకున్నాడు.

కామారెడ్డిలో పాత కార్లు అమ్మే శేఖర్ షెడ్డుకు పోయాడు. శేఖర్ మాట తేనె. మొదటిసారి వచ్చినప్పుడు చాయ్ తాగించి, ఊరూ పేరూ అడిగి, "రెండు రోజులాగి రా అన్నా, నీ కోసమే ఒక బండి వస్తున్నది," అని పంపాడు. రెండోసారి పోయేసరికి తెల్ల రంగు చిన్న కారు కడిగిన ముత్యంలా నిలబడి ఉంది. అద్దం మీద సిలువ.

"ఒక పాస్టరయ్య నడిపిన బండి అన్నా. ఆదివారం ఆరాధనకు తప్ప బయటికి తీయలే."

అంతే. స్వామిదాసు బానెట్ ఎత్తమని కూడా అడగలేదు. దైవసేవకుడి బండిని అనుమానించడం పాపమనుకున్నాడు.

సాలవ్వకు చదువు రాదు. కానీ సిలువ గుర్తు తెలియడానికి చదువెందుకు? కారెక్కే ముందు వెనక్కి పోయి ఆ బొమ్మను అరచేత్తో తడిమేది. ఎక్కి కూర్చున్నాక కళ్ళు మూసుకుని బయటికే ప్రార్థన చేసేది. "ప్రభువా, ఈ బండి మాకిచ్చిన బిడ్డ ఎవలో ఏమో, ఆ బిడ్డ ఇంటిని సల్లగ సూడు. ఆయన పిల్లలకు నలత రానియ్యకు." ప్రార్థన అయ్యాక ఆగేది. కొడుకు 'ఆమేన్' అంటే తప్ప తాళం తిప్పనిచ్చేది కాదు. వాళ్ళ సంఘంలో అది పద్ధతి. ఒకరు ప్రార్థిస్తే విన్నవాళ్ళు ఆమేన్ అనాలి. అనకపోతే ఆ ప్రార్థన సగంలో నిలిచిపోయినట్టు. స్వామిదాసు గట్టిగా ఆమేన్ అని బండి తీసేవాడు. ఆ కొద్ది రోజులూ అతను వాడకట్టులో ఛాతీ విరుచుకు తిరిగాడంటే తిరిగాడు మరి. అటెండరు కారు కొన్నాడు! తిప్పుకోవడం చేతగాక ఇంటి గేటుకు తగిలించి కుడివైపు వెనక తలుపుకు సొట్ట పెట్టినా, ఆ సొట్టను కూడా ముద్దుగానే చూసుకున్నాడు.

నెల తిరగకుండానే కారు తన గుణం చూపించింది. దవాఖాన నుంచి వస్తుంటే, లింగంపేట ఇంకా రాకముందే, అడవిలో ఉన్నట్టుండి లైట్లు, హారన్, ఇంజను అన్నీ ఒకేసారి చచ్చిపోయాయి. వెనక సీట్లో రక్తం కడిగించుకుని సోలిపోయిన ముసలామె. నెత్తి మీద ఎండ. ఎవరో ట్రాక్టరు ఆయన తాడు కట్టి లాక్కొచ్చాడు. మర్నాడు కారు తనంతట తానే స్టార్టయింది. వారం నడిచింది. మళ్ళీ అదే దారిలో, అదే తీరుగా చచ్చింది. ఆ రెండోసారి సాలవ్వ సీటు మీదే వాంతి చేసుకుంది. ఆమెకు నోరు తుడుచుకునే ఓపిక కూడా లేదు. "నా మూలాన బండి ఖరాబైంది బిడ్డా," అని కొడుకుకే క్షమాపణ చెప్పుకుంది. స్వామిదాసుకు ఏడుపొచ్చింది.

సీటు కింద కడగడానికి ఎస్తేర్ అడుగున పరిచిన పట్టా ఊడదీసింది. ఊడదీసి మొగుణ్ణి కేకేసింది. పట్టా కింద ఎండి పెచ్చులు కట్టిన ఒండ్రుమట్టి. మట్టిలో వరిగడ్డి పోచలు, చిన్న చిన్న నత్తగుల్లలు. చేత్తో తీస్తే చాటెడు వచ్చింది. ఆ వానాకాలంలో కామారెడ్డిలో కాలనీలు మునిగి, కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోవడం ఇద్దరూ టీవీలో చూసినవాళ్ళే. ఇంకొకరు చెప్పవలసిన పని లేకపోయింది.

"నీళ్ళల్ల మునిగిన బండిని మనకు అంటగట్టిండు," అంది ఎస్తేర్. "పో, పోయి ఆయన మొఖాన కొట్టు. ఎంతిస్తే అంత తీస్కొని రా. పోయిన పైసలు పోనీ. కానీ ఇంకొకల మెడకు మాత్రం చుట్టకు. నీకు పుణ్యముంటది."

స్వామిదాసు పిడికెడు మట్టి కాగితంలో పొట్లం కట్టుకుని, మళ్ళీ కదిలిన ఆ కారులోనే పోయాడు. దారి పొడుగునా తిట్లు సిద్ధం చేసుకున్నాడు. షెడ్డులో పొట్లం విప్పి శేఖర్ బల్ల మీద కుమ్మరించాడు. "ఏందిరా ఇది? పాస్టరయ్య బండా ఇది? దేవుని పేరు చెప్పి ముసలామెను చంపుతావురా?"

శేఖర్ మట్టిని చూసి జంకలేదు. గుడ్డ తెచ్చి బల్ల తుడుచుకున్నాడు. "కూసో అన్నా. వాపస్ తీస్కుంట, ఎందుకు తీస్కోను? కానీ మునిగిన బండి రేటే ఇస్త. సగం గూడ రాదు. లేదంటే ఇంకోటి చేద్దాం. ఎల్లారెడ్డి దిక్కు తండాలోళ్ళు బండ్లకు వస్తున్నరు. నువ్వు యజమానివి. నీ మొఖం చూస్తే ఎవలైనా నమ్ముతరు. జర పక్కన నిలబడు చాలు. నీ పైసలు నీకు పూరా వస్తయి."

అని సొరుగు లాగాడు. అందులో దేవుళ్ళంతా ఒకరి మీద ఒకరు పడుకుని ఉన్నారు. వినాయకుడు, వేంకటేశ్వరుడు, చంద్రవంక, లంబాడీలు కొలిచే సేవాలాల్ మహారాజ్. వాళ్ళ పక్కన ఎర్ర సిలువలు ఒక కట్ట, కొత్తవి, రబ్బరు బ్యాండు వేసి. స్వామిదాసు ఆ కట్టనే చూస్తూ ఉండిపోయాడు. తన ఊరూ పేరూ అడిగి రెండు రోజులు ఆగమన్నది ఇందుకు. తల్లి ప్రతి ప్రయాణానికీ తడిమి, ఇల్లు చల్లగా ఉండాలని దీవించింది ఈ సొరుగును.

అక్కడే లేచి రావాల్సింది. చొక్కా పట్టుకుని నాలుగు తగిలించి, సగమో పావో తీసుకుని రావాల్సింది. రాలేదు. సగం డబ్బుతో ఇంకో కారు రాదనుకున్నాడు. తల్లి మళ్ళీ బస్సు మెట్ల మీద కూలబడుతుందనుకున్నాడు. మోసపోయినవాడికి ప్రతి ఆలోచనా న్యాయంగానే కనిపిస్తుంది. శేఖర్ బ్లేడుతో సిలువను గీకేస్తుంటే తల తిప్పుకుని రోడ్డు మీది లారీలను చూశాడు.

ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి షెడ్డుకు పోయాడు. జైసింగ్ వచ్చాడు. ఎల్లారెడ్డి అవతలి తండా. ఏటా మహారాష్ట్రకు చెరకు కొట్టబోయి కూడబెట్టుకున్నవాడు. అద్దం మీద సేవాలాల్ మహారాజ్ బొమ్మ చూడగానే చెప్పులు విడిచి, బొమ్మకు చేయి తాకించి కళ్ళకద్దుకున్నాడు.

"మావోళ్ళ బండా ఇది?"

"ఈ అన్న ఒక తండా దోస్తు దగ్గర కొన్నడు," అన్నాడు శేఖర్ తడుముకోకుండా. "ఈయనది సిలువ మతం. అయినా బొమ్మ తీయలే. దేవుడు ఎవలికైనా దేవుడే అంటడు."

జైసింగ్ స్వామిదాసు వైపు చూసిన చూపులో గౌరవం ఉంది. అది చాలదన్నట్టు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అన్నా, నాకు బండ్ల గురించి తెల్వది. నా పెండ్లాం కళకు మొదటి కాన్పు తొవ్వల్నే ఆటోల అయింది. పిల్ల దక్కలే. మల్ల ఇప్పుడు నెలలు నిండుతున్నయి. అందుకే కొంటున్న. నువ్వు జెప్పు. బండి మంచిదేనా?"

మంచిదని చెప్పడానికి స్వామిదాసుకు నోరు రాలేదు. కాదని చెప్పడానికి అసలే రాలేదు. చివరికి, "మా అవ్వను దీంట్లనే దవాఖానకు తీస్కపోయిన తమ్మీ," అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"అవ్వను కూసోబెట్టిన బండంటే ఇంకేం సూడాలె!" అని జైసింగ్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

డబ్బంతా చేతికొచ్చాక స్వామిదాసు ఇంటికి వచ్చి, శేఖరే మొత్తం ఇచ్చి బండి వాపస్ తీసుకున్నాడని చెప్పాడు. ఎస్తేర్ అతని మొహంలోకి చూసింది. "అంత మంచోడా?" అని మాత్రం అని లోపలికి పోయింది. సాలవ్వ నమ్మింది. "సిలువ పెట్టుకున్నోడు మోసం జెయ్యడు గదా బిడ్డా," అంది. కొత్త కారు కొనడానికి మాత్రం అతని చేతులు ముందుకు రాలేదు. ఏ షెడ్డు ముందు నిలబడినా సొరుగులే గుర్తొచ్చేవి. డబ్బు బీరువాలో పడి ఉంది. తల్లి మళ్ళీ బస్సెక్కింది.

ఒక పొద్దున బస్సులో ఎలాగో సాలవ్వకు ఎడమవైపు కిటికీ పక్కన సీటు దొరికింది. స్వామిదాసు ఆమె దగ్గర నిలబడ్డాడు. లింగంపేట దాటి అడవిలోకి వచ్చాక, ముందు రోడ్డు పక్కన తెల్ల కారు బానెట్ ఎత్తి ఆగి ఉంది. కారు పక్కన నేల మీద ఒక ఆడమనిషి కాళ్ళు చాపుకుని, పొట్ట పట్టుకుని కూర్చుంది. ఒక మనిషి బస్సుకు రెండు చేతులూ ఎత్తి అడ్డం వచ్చాడు. జైసింగ్.

డ్రైవరు వేగం తగ్గించాడు. లోపలి నుంచి నలుగురైదుగురు, "జాగ లేదు, పోనీ పోనీ," అని అరిచారు. డ్రైవరు ఏం చేయాలన్నట్టు వెనక్కి చూశాడు.

"ఆపమను బిడ్డా," అంది సాలవ్వ. "కడుపుతోని ఉన్నది పిల్ల. నేను లేస్త, నా సీటుల కూసుంటది."

ఆపమని ఒక్క మాట అంటే సరిపోయేది. బస్సు ఆగితే జైసింగ్ ఎక్కుతాడు. ఎక్కితే తనను చూస్తాడు. "అన్నా" అంటాడు. తల్లి వింటుంది. స్వామిదాసు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఎనక ఇంకో బస్సు వస్తున్నదవ్వా," అన్నాడు. బస్సు మళ్ళీ వేగం అందుకుంది.

కారును దాటుతుంటే సాలవ్వ కిటికీకి మొహం ఆనించి చూసింది. వెనక తలుపు సొట్ట ఆమె కంటి ముందు నుంచే పోయింది.

"గది మన బండి తీరుగున్నది గదరా?"

"కాదవ్వా. మనదాని మీద సిలువ ఉండె గదా. దాని మీద సేవాలాల్ బొమ్మున్నది, సూడలేదా?"

"అవునవును. మనది కాదు." ముసలామె నిట్టూర్చింది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఆ పిల్లను సల్లగ కానిపియ్యి. పేదోళ్ళకు గసొంటి బండిని అంటగట్టినోని మనసు మార్చు. ఆన్ని గూడ క్షమించు తండ్రీ."

ప్రార్థన అయిపోయింది. ఆమె కళ్ళు తెరవలేదు. ఎప్పటిలాగే కొడుకు మాట కోసం ఆగింది.

స్వామిదాసు ఆమేన్ అన్నాడు.