డెబ్బై లీటర్ల బ్యాగు

అన్నయ్య బ్యాగుల్ని కొక్కేల మీంచి లాగి నేలకేసి కొడుతున్నాడు. ఈ దుకాణం ఎంత పొడవుందో తెలియడం లేదు, గోడలు ఉన్నట్టే ఉండి దగ్గరికి వెళ్లేసరికి మంచులా విడిపోతున్నాయి, పైనుంచి మాత్రం మనిషంతేసి బ్యాగులు వరసగా వేలాడుతున్నాయి, మాంసం కొట్లో పొట్టేళ్లని వేలాడదీసినట్టు, ఒక్కో దాని కిందా నీళ్లు బొట్టుబొట్టుగా కారి నేల తడిసిపోతోంది. అన్నయ్య పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆ సంగతి నాకు తెలుసు, తనకీ తెలుసు, అయినా హిమాలయాల్లో తను పోయిన ఆ లోయ దాటడానికి నేను బయలుదేరుతున్నానని, నాకు పెద్ద బ్యాగు కొనడానికే ఇద్దరం ఇక్కడికి వచ్చామని అంతకంటే గట్టిగా తెలుసు.

నేను ఒక ఎర్ర బ్యాగు పట్టుకుంటాను. "అన్నయ్యా, ఇది బాగుంది కదా?"

"రంగు చూసి కొంటావేటే?" అంటూ అన్నయ్య దాన్ని నా చేతుల్లోంచి గుంజుకుని, ఎక్కణ్నించి తీశాడో కత్తి, పై మూత నుంచి అడుగు దాకా ఒక్క వేటుకి చీల్చేస్తాడు, లోపల్నుంచి ఇసుకా గులకరాళ్లూ నల్లటి నీళ్లూ నా పాదాల మీద కుమ్మరించినట్టు పడతాయి, ఎంత చల్లగా ఉన్నాయంటే ఎముకల్లోకి మేకులు దిగుతున్నట్టుంది. "చూసేవా? లోపల ఫ్రేము లేదు. వీపుకి ఊత లేదు. వారానికి సరిపడా తిండీ గుడారమూ ఇందులో కుక్కితే గోనెసంచిలాగ కిందికి జారిపోయి నిన్ను వెనక్కి లాగీసి పడేస్తాది."

"మరయితే ఆ పెద్దది?"

"తొంభై లీటర్లదా?" తను దాన్ని కాలితో తన్నుతాడు, అది మనిషిలా మూలిగి పక్కకి దొర్లుతుంది. "ఖాళీ ఉంటే నింపుతావు. నింపితే మొయ్యాలి. నువ్వు గేదెవా, మనిషివా? ఇలా రా. తల వంచు."

నేను వంచేలోపే జుట్టు పట్టుకుని వంచేస్తాడు, మెడ కింద పొడుచుకొచ్చే ఎముక మీద పిడికిలితో ఒక్క పోటు పొడుస్తాడు, నాకు కళ్లలో మెరుపులు లేస్తాయి. "ఇక్కణ్నించి," అని, నడుము రెండు పక్కలా ఎముకల మీద బొటనవేళ్లు గుచ్చి "ఇక్కడి దాకా. ఇదీ కొలత. మనిషి పొడుగు కాదు, వీపు పొడుగు చూడాలి. విన్నావా?" విన్నానంటాను. వినలేదన్నట్టు మళ్లీ పొడుస్తాడు. బతికుండగా అన్నయ్య నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, పొరపాటున చెయ్యి తగిలితే కూడా "తగిలిందేటే కనకం?" అని పదిసార్లు అడిగేవాడు, ఆ మనిషికి ఇప్పుడు చేతుల్లో ఇంత కసి ఎలా వచ్చిందా అని నేను ఆలోచిస్తూ ఉండగానే తను డెబ్బై లీటర్ల బ్యాగొకటి నా భుజాలకి తగిలించి, నడుము బెల్టు చుట్టి, ఊపిరి ఆగేంత బిగించేస్తాడు.

"ఇక్కడ పడాలి బరువు, నడుం మీద. భుజాల మీద పడితే రెండో రోజుకి ఏడుస్తావు."

తర్వాత రాళ్లు వేయడం మొదలెడతాడు. బ్యాగు నా వీపుకే ఉండగా పైనుంచి ఒక్కో రాయీ ఎత్తి లోపలికి విసురుతున్నాడు, పడిన ప్రతిసారీ నా ఊపిరి నోట్లోంచి బయటకి దూకుతోంది. "బరువైనవి వీపుకి ఆనించి మధ్యలో ఉండాలి. అడుక్కి పోకూడదు. పైకి రాకూడదు." నా మోకాళ్లు వంగిపోతున్నాయి. "ఇక చాలన్నయ్యా," అంటే, "నది చాలంటాదా?" అని ఇంకొకటి వేస్తాడు.

ఎప్పుడు నడిచామో తెలియదు, దుకాణం వెనక తలుపు తీస్తే మా విశాఖపట్నం ఫ్లాటు మెట్లు, ఆ మెట్లే రెండు మలుపులు తిరిగేసరికి రాళ్ల వాలు, పక్కన ఎక్కడో కింద నీళ్ల హోరు. అన్నయ్య వెనక నుంచి నన్ను నెడుతున్నాడు, నేను మోకాళ్ల మీద పడుతున్నాను, చర్మం చిట్లి నెత్తురు మేజోళ్లలోకి దిగుతోంది, లేవగానే మళ్లీ నెడుతున్నాడు.

"ఎందుకు కొడతన్నావు నన్ను?"

"నువ్వు ఎల్లకుండా."

"మరి బ్యాగెందుకు ఎంచుతున్నావు?"

"ఎలాగూ ఎల్తావని."

ఆ మాటకి తనే ఆగిపోతాడు. పొగమంచులో తన మొహం సరిగ్గా కనబడదు, పెదాలు మాత్రం నీలంగా ఉన్నాయి, జుట్టులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. గొంతు తగ్గించి అడుగుతాడు. "అమ్మ ఏటంటోంది?"

"నాతో మాట్లాడ్డం మానేసింది. కొత్త బ్యాగు ఇంటికి తెచ్చిన రోజు నుంచీ కంచం పెట్టేసి అవతలకి వెళ్లిపోతోంది." ఇంకా కొనని బ్యాగు అప్పుడే ఇంట్లో ఎలా ఉందని ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాదు. "నీ బ్యాగు అమ్మే ఎంచింది కదా. ఆవిడకి అదే పట్టుకుంది."

అన్నయ్య ఒక రాయి మీద కూలబడతాడు. "పుట్టినరోజుకి కొనిచ్చింది. కొట్లో ఉన్న ప్రతి బ్యాగు బకిలూ పట్టుకుని గుంజి చూసింది. ఊడిపోకూడదు బాబూ, గట్టిది తీసుకో, కొండల్లో తెగితే ఎవడు కుడతాడు అంది. కొట్టువాడికి నవ్వొచ్చింది." తనూ నవ్వబోతాడు, నోట్లోంచి నీళ్లు వస్తాయి. "బకిలు తప్పు కాదని అమ్మకి చెప్పు."

"నువ్వే చెప్పు."

"నేను చచ్చిపోనాను కదే."

ఎంత తేలిగ్గా అన్నాడో, ఊరెళ్లానన్నంత తేలిగ్గా. ఆ తేలికతనానికి నాలో రెండేళ్లుగా అణిగి ఉన్నదేదో ఒక్కసారిగా లేచి, వీపున రాళ్ల బరువుతోనే తన మీదకి దూకుతాను. ఇద్దరం వాలు మీద దొర్లుతాము, తన గుండెల మీద కూర్చుని చెంపలు వాయిస్తాను, పిడికిళ్లతో మొహం మీద గుద్దుతాను, ముక్కు చితికి నా చేతికి తగులుతుంది, నెత్తురు రాదు, బురద వస్తుంది. "చచ్చిపోనాను అంటావా? ఎంత బాగా చెప్పేవురా! నీ ఫ్రెండ్సందరూ నీళ్లలో దిగే ముందు బెల్టు విప్పుకున్నారు. నువ్వొక్కడివి విప్పలేదు. ఎందుకు విప్పలేదు? అందరికీ నేర్పేవాడివి నువ్వు, వాగు దాటేటప్పుడు బెల్టు విప్పుకోవాలని, పడితే బ్యాగు వదిలేయొచ్చని నాకు నేర్పినవాడివి నువ్వు. ఎందుకు విప్పలేదో చెప్పు!"

దెబ్బలన్నీ తింటూ అలాగే పడుకుని ఉంటాడు. తల పక్కకి కూడా తిప్పుకోడు.

"ఒడ్డున పడుకోబెట్టి, నిన్ను వెతకడానికి వచ్చిన నన్ను పిలిచేరు," అంటున్నాను, కొడుతూనే. "బ్యాగు నీ వీపునే ఉంది. ఇసక నిండిపోయి ఉంది. నా కళ్లెదట కొడవలితో పట్టీలు కోసేరు. కోస్తుంటే నువ్వు ఇటూ అటూ కదిలేవు. బతికున్నావనుకున్నాను నేను. ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణానికి నిన్ను చంపీయాలి!"

గొంతు పట్టుకుని నొక్కుతాను. చచ్చినవాణ్ని చంపుతున్నానని నాకు తెలుసు. తన మెడ నా వేళ్ల కింద తడి గుడ్డలా మెత్తగా ఉంది. ఎంత నొక్కినా గొంతు మాత్రం మామూలుగానే పలుకుతుంది.

"మోకాలి దాకానే ఉన్నాయే నీళ్లు. నువ్వయినా విప్పవు. మోకాలి నీళ్లకి ఎవడాగి బెల్టు విప్పుతాడు? మధ్యకి వెళ్లేక కాలికింద రాయి తిరగబడింది. అంతే. తర్వాత విప్పుదామనే చూసేను. చలికి చేతులు మొద్దుబారిపోయేయి. వేలు అటు జారిపోతాది, ఇటు జారిపోతాది. అమ్మ మీద కోపం రాలేదు కనకం. కొట్లో అమ్మ బకిలు పట్టుకు గుంజుతున్నట్టు కనబడింది. అంతే కనబడింది."

నా చేతులు వాటంతటవే వదులవుతాయి. ఏడుద్దామనుకుంటాను, అంతలో అన్నయ్య కింద నుంచి నా రెండు మణికట్లూ పట్టుకుని, "రా, చూపిస్తాను," అని లేచి నన్ను ఈడ్చుకుంటూ వాలు దిగిపోతాడు. కాళ్లు నేలకి ఆనడం లేదు, రాళ్లు నా తొడల్ని చెక్కేస్తున్నాయి, ఒద్దన్నయ్యా ఒద్దన్నయ్యా అని అరుస్తున్నాను, నీళ్ల హోరులో నా అరుపు నాకే వినబడదు, అన్నయ్య వెనక్కి చూడకుండా నదిలోకి దిగిపోతాడు, నన్ను కూడా దించేస్తాడు.

నీళ్లు నిజంగానే మోకాలి దాకా ఉన్నాయి. తర్వాతి అడుగుకి నేల అందదు.

రాళ్ల బ్యాగు నన్ను వెల్లకిలా పడేసి తొక్కి పట్టుకుంటుంది. నోట్లోకి ముక్కులోకి ఇసక నీళ్లు, చెవుల్లో బండలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న మోత. పైన అన్నయ్య మొహం, తన మోకాలు నా గుండెల మీద ఉంది, నీళ్లలోనే మాట్లాడుతున్నాడు, మాట స్పష్టంగా వినబడుతోంది.

"విప్పు."

నడుము దగ్గర తడుముతాను. వేళ్లు నావి కావు, కర్రముక్కలు.

"విప్పవే!" చెంప మీద కొడతాడు. నీళ్లలో దెబ్బ నెమ్మదిగా రావాలి కదా, రాదు, పళ్లు కదిలిపోయేలా వస్తుంది. "రెండో చెయ్యి లేదనుకో. రెండో చెయ్యి బండకింద ఉందనుకో. ఒంటిచేత్తో విప్పు." మళ్లీ కొడతాడు. నా ఎడంచేతిని తన కాలితో తొక్కేస్తాడు, ఎముక విరిగిన చప్పుడు అవుతుంది, నొప్పితో నోరు తెరిస్తే నది లోపలికి వచ్చేస్తుంది, ఇంక అయిపోయింది అనుకుంటూ ఉండగా తన చల్లటి వేళ్లు నా కుడి బొటనవేలి మీద పడి, గోరు చితికేంత బలంగా దాన్ని బకిలు మీద నొక్కుతాయి.

టక్.

బెల్టు ఊడుతుంది. భుజం పట్టీలు జారిపోతాయి. నేను నీళ్ల మీదకి తేలి గాలి పీలుస్తాను, ఆ గాలి గొంతులో కత్తిలా దిగుతుంది. పక్కనే అన్నయ్య కొట్టుకుపోతున్నాడు, చెయ్యి చాచి చొక్కా పట్టుకుంటాను, ఈసారి దొరికాడు, ఈసారి వదలను.

"వదులు."

"వదల్ను."

"వదలవే పిచ్చిదానా, నన్ను వదిలీ!" తను ఒక రాయి తీసి నా పిడికిలి మీద కొడతాడు, కణుపులు పగులుతున్నాయి, ఎర్రటి నీళ్లు మా ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి, నేను వదలను, వంగి నా వేళ్లు కొరుకుతాడు, పళ్లు ఎముకని తాకుతాయి, నేను వదలను, తన ఏడుపు మొహం చూస్తున్నాను, చిన్నప్పుడు నా చేతికి దెబ్బ తగిలితే తనకొచ్చే ఏడుపు మొహం అదే, ఏడుస్తూనే మళ్లీ రాయెత్తి కొడతాడు. నా చెయ్యి తెరుచుకుంటుంది.

అన్నయ్య వెల్లకిలా తేలుతూ వెళ్లిపోతాడు. వీపుకి ఏమీ లేదు. నడుముకి ఏమీ లేదు. ఇంత తేలిగ్గా తను వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. "అన్నయ్యా!" అంటే చెయ్యెత్తుతాడు, నది మలుపు తిరుగుతుంది, అంతా తెల్లగా అయిపోయి అందులోంచి మళ్లీ ఆ చప్పుడే వినబడుతుంది. టక్. కాసేపు ఆగి, టక్.

మెలకువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి మంచం మీద వాలిన దాన్ని, దిండు లాలాజలంతో తడిసి ఉంది. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. కుడిచెయ్యి పిడికిలి బిగించే ఉంది, తెరవడానికి ఎడంచేత్తో ఒక్కో వేలూ లాగాల్సి వచ్చింది.

చప్పుడు హాల్లోంచి వస్తోంది.

వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ నేల మీద కూర్చుని ఉంది. నా కొత్త బ్యాగు వీపుకి తగిలించుకుని, చీర కుచ్చిళ్ల మీంచి నడుము బెల్టు చుట్టుకుంది. ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి బొటనవేలొక్కదానితో బకిలు నొక్కుతోంది. ఊడింది. మళ్లీ పెట్టింది. పక్కన గిన్నెలో నీళ్లున్నాయి, ఫ్రిజ్‌లోని ఐసుముక్కలు అందులో సగం కరిగి తేలుతున్నాయి. చెయ్యి అందులో మణికట్టు దాకా ముంచి, చాలాసేపు అలాగే ఉంచి తీసి, వణుకుతున్న వేలుతో మళ్లీ నొక్కింది. వేలు జారిపోయింది. ఇంకోసారి నొక్కింది. ఊడింది.

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. బెల్టు విప్పుకుని, బ్యాగు నా వైపు తోసింది.

"కూచో," అంది. "చెయ్యి నీళ్లలో పెట్టు."