దావలో ఉండా

“దావలో ఉండా” అనే మాటను మొదట కనిపెట్టినవాడు ఎవడో తెలిస్తే, అనుపమ వాడి ఇంటికి వెళ్ళి మరీ నాలుగు దులిపి వచ్చేది. అనంతపురం జిల్లాలో ఆ మాటకు మనిషి దారిలో ఉన్నాడని అర్థం కాదు. ఇంకా మంచం దిగలేదని కావచ్చు. ఎవరి పెళ్ళిలోనో పంక్తిలో కూర్చున్నాడని కావచ్చు. అసలు రాడని కూడా కావచ్చు. నెట్టు బాగుచేసే మెరుపు ఫైబర్ తిప్పేష్ నోట వచ్చిందంటే మాత్రం ఈ మూడూ కలిపి అర్థం చేసుకోవాలి.

“తిప్పేషూ, పొద్దున్నుంచి డబ్బా మీద ఎర్ర లైటే వెలుగుతాండాది. యాడుండావప్పా?”

“దావలో ఉండాక్కా.”

“నిన్న గూడా దావలోనే ఉంటివి గదా!”

“నిన్నటిది వేరే దావక్కా.”

ఫోన్ పెట్టేసి అనుపమ గదిలో గోడవారగా పేర్చిన పట్టుచీరల వైపు చూసింది.

ఆ చీరలన్నీ ధర్మవరంలో ఆమె నాయన నాగేశ్వర ఇంటి మగ్గాల మీద నేసినవి. ఆయన జీవితమంతా షాపు సేట్లకు చీరలిచ్చి, వాళ్ళు చెప్పిన ధరకు తలూపి వచ్చిన మనిషి. రెండేళ్ళ నుంచి కూతురు ఫోన్ ముందు కూర్చుని, లైవ్ పెట్టి, కొన్ని చీరలు నేరుగా అమ్ముతోంది. ఈ శ్రావణానికి ధైర్యం చేసి, “షాపోళ్ళకు ఒక్కటి గూడా ఇయ్యొద్దు నాయనా, అన్నీ నేనే అమ్ముతా” అని మాటిచ్చింది. షాపు సేటు ఆ సంగతి విని నవ్వాడట. వరలక్ష్మీ వ్రతంలోపు ఇవి అమ్ముడుపోకపోతే నాయన మళ్ళీ మూట నెత్తిన పెట్టుకుని ఆ నవ్వినవాడి గడపే తొక్కాలి. అది తలచుకుంటేనే ఆమెకు అన్నం సహించడం లేదు.

ఇంతా చేసి అడ్డమేమిటంటే నెట్టు. వాళ్ళుండేది అనంతపురంలో బళ్ళారి రోడ్డు మీద, ఊరు దాటాక, పెన్నా ఎన్‌క్లేవ్‌లో. పేరుకే పెన్నా. పెన్నను చూడాలంటే పామిడి దాకా పోవాలి, పోయినా కనిపించేది చాలావరకు ఇసుకే. గేటు, సెక్యూరిటీ, పార్కు అన్నీ ఉన్న ఆ కాలనీలో నెట్టు కంపెనీ మాత్రం ఒకటే, కాలనీ కట్టినవాడు తెచ్చిపెట్టిన మెరుపు ఫైబర్. పేరు పెట్టినవాడు పుణ్యాత్ముడు. అది మెరుపులాగే వస్తుంది, మెరుపులాగే పోతుంది. ఫోన్ సిగ్నల్ చూద్దామా అంటే మిద్దె మీద ఒక మూల నిలబడితేనే అందుతుంది, అక్కడ గాలికి చీర నిలవదు. ఒకసారి మూటలు ఆటోలో వేసుకుని టౌన్లో స్నేహితురాలు అర్చన ఇంటికి వెళ్ళి లైవ్ పెట్టింది. చీరల మడతలు నలిగాయి. అర్చన అత్తగారు మూతి తిప్పుకున్న తిప్పుడుకు మళ్ళీ ఆ గడప తొక్కబుద్ధి కాలేదు.

కిందటి శుక్రవారం లైవ్‌లో అయితే, నీలం చీర కొంగు విప్పి “ఈ జరీ చూడండక్కా” అంటుండగా బొమ్మ ఆగిపోయింది. ఆమె నోరు తెరుచుకుని, ఒక కన్ను మూసుకుని, అలాగే జనానికి దర్శనమిచ్చింది. ఆ ఫొటో తీసి వాళ్ళ బంధువుల గ్రూపులోనే ఎవరో పెట్టారు. పుట్టపర్తి బ్యాంకులో పనిచేసే భర్త సోమశేఖర్ అది చూసి, “బాగా పడినావు” అన్నాడు. ఆ రాత్రి ఆయనకు సంగటిలోకి పచ్చి ఉల్లిగడ్డే దిక్కయింది.

వేరే కంపెనీ లేదా అంటే ఉంది. టౌనంతా ఉంది. ఆ కంపెనీ మనిషి జోయల్ ఒక్క ఫోన్‌కే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమెకు అదే ఒక పండగలా అనిపించింది. కానీ లోపలికి తీగ లాగడానికి అసోసియేషన్ ఒప్పుకోదు. ఒకప్పుడు మెరుపు వాళ్ళు రోడ్డు తవ్వి బోరు పైపు పగలగొడితే కాలనీ అంతా బిందెలు పట్టుకుని ట్యాంకర్ వెంట పడింది. ఆనాటి నుంచి తవ్వకం నిషేధం. స్తంభాలు పాతితే కాలనీ అందం చెడుతుందట, అదీ నిషేధం.

జోయల్ గోడ వెంబడి తిరిగి తిరిగి, ఆమె హాలు కిటికీ కింద మూత బిగించి ఉన్న నీలం పైపు దగ్గర ఆగాడు.

“ఇదేం పైపు మేడమ్?”

“నది నీళ్ళ పైపప్పా.”

“నీళ్ళొస్తాయా?”

అనుపమ నవ్వింది. ఆ నవ్వులోనే జోయల్‌కు జవాబు దొరికింది. “అయితే తవ్వే పనే లేదు మేడమ్. గేటు కాడ్నుంచి దీంట్లోనే తీగ తోసేస్తా” అన్నాడు.

ఇక్కడే అసలు చిక్కు. ఆ పైపు అసోసియేషన్ ప్రెసిడెంట్ చంద్రమోహన్ ప్రాణం. నీళ్ళ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి, ఇంటింటికీ ఆ పైపు వేయించాడు. వేసిన రోజు పూజ, టెంకాయ, పులిహోర. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ తర్వాత చుక్క నీరు రాలేదు. అడిగినవాళ్ళందరికీ ఆయన ఒకటే చెబుతాడు: “నీళ్ళు దావలో ఉండాయి.”

మీటింగులో అనుపమ లేచి సంగతి చెప్పేసరికి ఆయన ముఖం ఎర్రబడింది.

“నీళ్ళ పైపులో తీగలా? రేపు నీళ్ళొస్తే ఏం చేస్తావమ్మా?”

వెనకనుంచి ఎవరో, “ఆ పైపులో తొండలు కాపురం పెట్టినాయి సార్” అన్నారు. అందరూ నవ్వారు. చంద్రమోహన్ మాత్రం తల వంచుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అనుపమ చూసింది గానీ, ఆ క్షణాన అది మనసుకెక్కలేదు. ఆమె కళ్ళకు చీరల దొంతరే కనిపిస్తోంది.

“నీళ్ళొచ్చిన దినం నా చేత్తో నేనే తీగ పీకేస్తా సార్. ఇంక ఈ కాలనీలో ఉన్నన్నాళ్ళు వేరే నెట్టు మాట ఎత్తను. సరేనా?”

“మాటంటే మాటేనామ్మా?”

“మాటంటే మాటే.”

ఆయన సరేనన్నాడు. మరునాడే జోయల్ మూత తీసి, తీగ తోసి, పైపు మూతికి గుడ్డ కుక్కి, కిటికీలోంచి తీగ హాల్లోకి లాగాడు. పచ్చ లైటు వెలిగింది. వెలుగుతూనే ఉంది. అనుపమ దానికి దిష్టి తీసినంత పని చేసింది.

వ్రతానికి ముందు బుధవారం లైవ్ పెట్టింది. చాప మీద చీరలు పరిచి, చిలకపచ్చ చీర ఒళ్ళో వేసుకుని మొదలుపెట్టింది. బళ్ళారి నుంచి, బెంగళూరు నుంచి, కర్నూలు నుంచి జనం. బొమ్మ ఎక్కడా ఆగలేదు. “అక్కా ఇది నాకు”, “అది నాకు” అని మాటలు వరుసగా పడుతున్నాయి. తీగ సంగతి చూసుకోవడానికి వచ్చిన జోయల్ గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాడు.

అప్పుడు కిటికీ కింద పైపు మూలిగింది.

ముందు గాలి వచ్చింది. గుడ్డ ఎగిరి పడింది. దాని వెనకే ఒక తొండ బయటపడి, బతుకుజీవుడా అని గోడెక్కి పారిపోయింది. ఆ తర్వాత బురద. బురద వెనక నీళ్ళు, ఎదురుగా ఉన్న ప్రహరీగోడకు తగిలి వెనక్కొచ్చి, కిటికీలోంచి చాప మీదకు చిమ్మేంత నీళ్ళు.

“నీళ్ళు! నీళ్ళు ఆపండప్పా!” అని అరుస్తూ అనుపమ చీరలు ఎత్తి సోఫా మీదకు, బీరువా మీదకు విసరసాగింది. ఈ కరువు జిల్లాలో నీళ్ళు ఆపమని కేకలు పెట్టిన ఆడమనిషి బహుశా ఆమె ఒక్కతే. బయట కాలనీ అంతా ఈలలు, బిందెల చప్పుడు. నీళ్ళు రాక ఏళ్ళు గడిచిన పైపులో, ఉన్న దినాలన్నీ వదిలేసి, నా లైవ్ దినమే రావల్లనా తల్లీ అని ఆమెకు ఏడుపొచ్చింది.

చంద్రమోహన్ పంచె ఎగగట్టి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పైపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలి పట్టి, ఆ ఎర్రనీళ్ళే తాగేశాడు. గడ్డం మీదుగా కారుతున్నవి నీళ్ళో కన్నీళ్ళో తెలియలేదు.

“పసుపు కుంకుమ తేమ్మా” అన్నాడు. తెచ్చింది. పైపుకు బొట్టు పెట్టి, చిన్నపిల్లవాడిలా ఆమె ముఖంలోకి చూశాడు. “గంగమ్మ ఇంటికొస్తే చీర పెట్టకుండా పంపిస్తామా తల్లీ?”

అనుపమకు తిక్క నెత్తికెక్కింది. చేతిలో ఉన్నది సగం తడిసిన చిలకపచ్చ చీర. నాయన స్వయంగా నేసిన చీర. పళ్ళు కొరుక్కుంటూనే దాన్ని పైపు మీద కప్పింది. కప్పిన తర్వాత, ఎందుకో, చేతులు జోడించింది.

ఫోన్ అలాగే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. లైవ్ ఆగలేదు, అందరూ చూశారు. “గంగమ్మకు పెట్టిన రంగు నాకూ కావాల” అని ఒకరు, “మాకూ” అని ఇంకొకరు. చీకటి పడకముందే గదిలో దొంతర కరిగిపోయింది. నాయనకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన, “సేటు కాడికి పోయే పని లేదు గదమ్మా?” అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

చంద్రమోహన్ గుమ్మంలోనే ఉన్నాడు. తీగ వైపు ఒకసారి చూశాడంతే. అనుపమ వెళ్ళి తన చేత్తోనే పీకేసింది. పచ్చ లైటు ఆరిపోయింది.

“మేడమ్, నీళ్ళలో ఉన్నా తీగకేం కాదు మేడమ్” అని జోయల్ మొత్తుకున్నాడు.

“తీగకు కాదప్పా, రోగం మాటిచ్చిన నా నోటికి.”

దసరా దగ్గరపడింది. నాయన పంపిన కొత్త చీరలు మళ్ళీ గోడవారకు చేరాయి. మెరుపు డబ్బా మళ్ళీ ఎర్రగా చూస్తోంది. పైపులో ఆ ఒక్కరోజు తర్వాత తడి లేదు. ఒక సాయంత్రం చంద్రమోహన్ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆ దినం టెస్టింగ్ చేసినారంటమ్మా. చేసి మూసేసినారంట. ఈ పక్కకు ఇంక నీళ్ళు ఇయ్యలేమని ఆఫీసులో మొగం మిందే చెప్పినారు.” ఆయన కిటికీ వైపు చూశాడు. “ఊరికే ఎండుతాండాది పైపు. ఆ జోయల్‌ను పిలిపించుకో. నువ్వు మాట తప్పినట్ల కాదులే, నేనే చెప్తాండా.”

ఆమె రోజూ దేవుడి ముందు కోరుకున్నది అదే మాట. ఒక్క ఫోన్ చాలు, జోయల్ వచ్చేస్తాడు. కానీ ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు, మీటింగులో అద్దాలు తుడుచుకున్న ముఖం ఇప్పుడు ఆమెకు స్పష్టంగా కనిపించింది. ఆ ముఖం ముందు “సరే సార్” అనడానికి నోరు రాలేదు.

“వద్దు సార్. పైపు నిండా తీగ పెట్టుకుని కూచుంటే గంగమ్మ యాడికని వస్తాది? ఆఫీసోళ్ళకేం తెలుసు. నీళ్ళు దావలో ఉండాయి.”

ఆయన తలెత్తాడు. “అంటావామ్మా?”

“దావలోనే ఉండాయి సార్.”

ఆయన గేటు దాకా నిటారుగా నడిచి వెళ్ళాడు. అనుపమ మాత్రం ఠపీమని నుదురు కొట్టుకుంది. ఇక మూటలు ఆటోలో వేసుకోవాలి, మడతలు నలగాలి, అర్చన అత్తగారి మూతి చూడాలి. తన మీద తనకే ఒళ్ళు మండిపోయి, ఆ మంటంతా చూపించడానికి ఫోన్ తీసింది.

“తిప్పేషూ, యాడుండావప్పా?”

“దావలో ఉండాక్కా.”

తిట్టడానికి తెరిచిన నోటికి ఇందాక తను అన్న మాటే అడ్డొచ్చింది.

“ఉండప్పా,” అంది. “నువ్వు గూడా దావలోనే ఉండు.”