మూడు ఊదులూ ఒక్కలా రావాలి

వెర్నా కూమ్స్ పొద్దుటి నుంచీ ఫైర్ స్టేషన్ హాల్లో ఊరి జనం చేత ఊపిరి కొలిచే యంత్రం గొట్టం ఊదిస్తోంది. కెంటకీ కొండల్లోని ఆ బొగ్గు లోయలో జనం ఊపిరితిత్తులు ఎంత చెడ్డాయో ఈ సర్వే తేల్చాలి. బాగా చెడ్డాయని తేలితేనే ఇక్కడ ఊపిరి ఆస్పత్రి పెడతారు. లేకుంటే మామూలే, ఆస్పత్రికి రెండు గంటల ప్రయాణం. ఆ దారిలోనే వెర్నా తండ్రి పోయాడు.

డెల్మర్ సైజ్‌మోర్ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లు గనిలో పనిచేసినవాడు.

"ఏ ఊపిరి కావాలే పిల్లా? కంపెనీ డాక్టరు ముందు గట్టిగా ఊదేదా, పెన్షన్ జడ్జి ముందు నీరసంగా ఊదేదా?"

"ఉన్నది ఊదు బాబాయ్. నటనంతా పిన్ని ముందు పెట్టుకో."

"దాని ముందు నోరే తెరవను, ఇక ఊదడమెక్కడ."

మొదటి ఊదు లీటరున్నర దాకా వచ్చింది, బాగున్న మనిషి ఊదేదాంట్లో సగం. రెండోదానికి దగ్గు అడ్డం పడి లీటరుకు దిగింది. మూడోది ఇంకా తక్కువ. బల్ల అంచు పట్టుకుని వగర్చాడు. యంత్రం మీద ఎర్ర గీత పడింది. మూడు ఊదులూ ఇంచుమించు ఒక్కలా రాకపోతే ఆ మనిషిని లెక్కలోంచి తీసేయాలని నియమం. పొద్దుటి నుంచీ అలా పదకొండు మంది లెక్కలోంచి పోయారు. అందరూ మెట్ల మీద ఆగి ఆగి వచ్చినవాళ్లే. మిగిలినవాళ్ల అంకెలు చూస్తే లోయంతా గుర్రాల్లా దిట్టంగా ఉన్నట్టుంది.

డెల్మర్ ఎర్ర గీత చూశాడు. కాసేపు తేరుకుని, అడక్కుండానే గొట్టం అందుకున్నాడు. కొలిచినట్టు మెల్లగా మూడుసార్లు ఊదాడు. మూడూ లీటరు లోపే, అచ్చం ఒక్కలా. పచ్చ గీత పడింది.

"ఇది నీ ఊపిరి కాదు బాబాయ్."

"మొదటిది నాదే. మీ డబ్బా ఒప్పుకోలేదుగా."

వెర్నా వేలు మీట మీద ఆగింది. నొక్కితే లెక్కలో చేరిపోతుంది, ఎవరికీ తెలియదు. కానీ ఒక్కటి దొంగదని తేలితే లోయ మొత్తాన్నీ దొంగలంటారు. పెన్షన్ కోర్టులో తండ్రిని ఆ మాటే అన్నారు. ఆమె ఆ చివరి మూడింటినీ చెరిపేసింది.

"అయితే నేను లెక్కలో లేనన్నమాట."

"లేవు."

"మరి ఇక్కడ దగ్గేదెవడే?"

అతను మెట్లు దిగుతుంటే ఆ దగ్గు వినబడుతూనే ఉంది. వెర్నా అతని మొదటి మూడు ఊదుల కాగితం తీసి, లెక్కలోంచి తీసేసిన పదకొండు మంది కాగితాలున్న కవరులో పెట్టింది. కవరు మీద ఏం రాయాలో తోచలేదు. తర్వాతి పేరు పిలిచింది.