పప్పు డబ్బా పక్కన అత్తగారు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, కుట్టుపనావిడ చేసే మొదటి పని అత్తగారిని అరలోంచి దించడం. మామగారు పోయిన దగ్గర్నుంచీ అత్తగారు నెలనెలా కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. డాక్టరు కాల్షియం మాత్రలు రాశాడు. అవి ఆవిడ అరచేతికన్నా పెద్దవి కావడంతో పొడి చేసి పాలల్లో కలిపిచ్చేవారు. ఇప్పుడు జానెడున్నర ఉంది. మంచం మీద పడుకోబెడితే దుప్పటి మడతల్లో కనపడకుండా పోతోందని, వంటింటి మూడో అరలో, పప్పు డబ్బాకీ బియ్యం డబ్బాకీ మధ్య పక్క వేశారు. అక్కడైతే వెచ్చగా ఉంటుంది, కోడలి వంటకు వంకలు పెట్టడానికి వీలుగానూ ఉంటుంది.

మూడు రోజుల్లో తుఫాను వస్తుందని రేడియోలో చెప్పారు. లారీతో ఎక్కడో దూరాన చిక్కుకుపోయిన మొగుడు ఫోన్ చేసి, వారానికి సరిపడా తెచ్చుకోమనీ, అమ్మ జాగ్రత్త అనీ చెప్పాడు. కుట్టుపనావిడ మిషన్ మీద గుడ్డ కప్పి బజారుకు నాలుగుసార్లు తిరిగింది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు ఐదు తెచ్చింది. బియ్యం, పప్పు, నూనె, బిస్కెట్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, నిండు గ్యాస్ బండ అన్నీ వచ్చాయి. అత్తగారు ఖాళీ డబ్బాల్లోకి దిగి మూలమూలలా తుడిచి, పురుగు లేదని తేల్చాక గానీ బియ్యం పోయనివ్వలేదు. బిందెలతో పాటు ఆఖరికి బట్టలు నానబెట్టే బకెట్ కూడా నింపారు.

మూడో రోజు మధ్యాహ్నం కింది వాటాలో ఒంటరిగా ఉండే ఇస్త్రీ ఆవిడ మెట్లెక్కి వచ్చింది. పదేళ్ళ స్నేహం వాళ్ళది. తుఫానులోపే ఇచ్చేయాలని కుట్టుపనావిడ పట్టుబట్టిన స్కూలు యూనిఫారాలన్నీ ఇస్త్రీ చేసి ఆవిడ బజారుకు వెళ్ళేసరికి, కొట్లో నీళ్ళ సీసా ఒక్కటీ మిగల్లేదట. కుళాయి కూడా అప్పటికే ఆగిపోయింది.

"ఒక్క క్యాన్ ఉంటే ఇస్తావా వదినా? సర్దుకుంటాను."

కుట్టుపనావిడ తలుపు సగం దగ్గరికి లాగి అడ్డంగా నిలబడింది. ఎందుకలా అందో తర్వాత ఎంత ఆలోచించినా ఆవిడకు తెలియలేదు. నోరు దానంతటదే అనేసింది.

"మాకే దొరకలేదు వదినా."

ఇస్త్రీ ఆవిడ ముఖం జాలిగా మారింది.

"అయ్యో, పెద్దావిడతో ఎలా నెట్టుకొస్తావ్? నా దగ్గర బియ్యం ఉన్నాయి, సగం తెచ్చిస్తానుండు."

వద్దంటే వద్దని తలుపేసుకుని వెనక్కి తిరిగింది. అత్తగారు అరలోంచి చూస్తోంది. సీసా మూతలో నీళ్ళు పోసిస్తే దాహంగా లేదని గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది. కోడలికి చెవులు వేడెక్కాయి. కాసేపాగి ఒక క్యాన్ ఎత్తుకుని రెండు మెట్లు దిగింది కూడా. తీరా ఇప్పుడిస్తే ఇందాక చెప్పింది అబద్ధమని తేలిపోతుంది కదా అనిపించి, క్యాన్‌తో పాటు మళ్ళీ పైకొచ్చేసింది.

ఆ సాయంత్రం మొదలైన గాలివాన రెండు రోజులు ఊపేసింది. ఆ తర్వాతి పొద్దున గాలి తగ్గింది గానీ వీధిలో నీళ్ళు తొడల దాకా వచ్చాయి. కింద ఎవరో గోడ మీద కొడుతున్న చప్పుడైతే కుట్టుపనావిడ పరుగున దిగింది. కింది వాటా ముందు తలుపు ఎంత నెట్టినా కదల్లేదు. బీరువా తలుపుకి అడ్డంగా పడిందనీ, దాని కింద కాలు ఇరుక్కుందనీ, కూర్చున్నచోట నీళ్ళు మెడ దాకా వచ్చాయనీ ఇస్త్రీ ఆవిడ లోపల్నుంచి బలహీనంగా చెప్పింది. వెనక తలుపుకి లోపల పైగడియ వేసి ఉంది. చుట్టుపక్కల వాళ్ళంతా ముందే వెళ్ళిపోయారు, కేకేసినా పలికేవాళ్ళు లేరు.

ఏడుస్తూ పైకొచ్చి సంగతి చెప్పింది. అత్తగారు అప్పటికే చీర కొంగు దోపుకుంది.

"నీ కొలత టేపు నా నడుముకి కట్టు."

వెనక తలుపు పక్కనున్న వెంటిలేటర్ చువ్వల్లోంచి ఆవిడ లోపలికి దూరింది. కోడలు గోడకు ఆనుకుని టేపును అంగుళం అంగుళం వదిలింది. అత్తగారు ఊగి గడియ పిడిని పట్టుకుంది, దాని మీద రెండు కాళ్ళతో నిలబడి ఎగిరి దూకింది. మూడోసారికి గడియ జారింది.

బీరువా ఎత్తి, ఇస్త్రీ ఆవిడను నడుం పట్టుకుని పైకి తెచ్చేసరికి కోడలి ఒంట్లో సత్తువ లేదు. ఇస్త్రీ ఆవిడ కాలు వాచింది గానీ విరగలేదు. పెదాలు మాత్రం పగిలిపోయాయి. కింది ఇంటినిండా బురదనీళ్ళే, రెండు రోజులుగా గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు.

గాలికి పైన ముందుగది కిటికీ ఊడిపోయింది. వంటింట్లోనే కూర్చోబెట్టాల్సి వచ్చింది. గోడవారన ఐదు క్యాన్లు. ఒకటే తెరిచి ఉంది. ఇస్త్రీ ఆవిడ నాలుగు గ్లాసులు తాగింది. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య ఆవిడ చూపు క్యాన్ల మీదుగా, బిస్కెట్ల పొట్లాల మీదుగా, నిండు బిందెల మీదుగా వెళ్ళింది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు దులిపేస్తుందని కుట్టుపనావిడ తల వంచుకుని కాచుకుంది.

ఇస్త్రీ ఆవిడ మూతి తుడుచుకుంది.

"గ్లాసు ఎక్కడ పెట్టమంటారండీ?"

పదేళ్ళలో ఆవిడ తనని వదినా అనకుండా అండీ అనడం అదే మొదలు. ఇలా ఇవ్వు వదినా అందామనుకున్న కుట్టుపనావిడ చెయ్యి మాత్రం చాచింది. గ్లాసు అందుకుని, ఎవరూ అడక్కుండానే మళ్ళీ అంచు దాకా నింపింది. తాగేవాళ్ళు లేని ఆ నిండు గ్లాసు చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది.