పడవలింటి రెండు తలుపులు

మధ్యాహ్నానికి బ్రిస్బేన్ నది రంగు మారింది. పైనుంచి కొట్టుకొచ్చిన చెట్లు, ఎవరి పెరటిదో ఒక ప్లాస్టిక్ కుర్చీ, వంతెన వైపు సాగిపోతున్నాయి. గాలి ఆగడం లేదు.

విశ్వవిద్యాలయం వారి పడవలింట్లో ఒక్క పడవే మిగిలింది. ఎనిమిది మంది తెడ్లు వేసే పొడుగు పడవ. తక్కినవి ట్రైలర్ మీద గుట్టెక్కాయి. దీనికోసం ట్రైలర్ తిరిగొచ్చేలోపు పల్లపు రోడ్డు మునిగిపోయింది.

ఆ పడవకు చుక్కాని పట్టేది టాంసిన్. మనిషి పిడికెడు. అయినా పడవ ఎత్తాలన్నా దించాలన్నా ఆ ఎనిమిది మందీ ఆమె నోటి మాటకే కదలాలి. అది తెడ్డువాళ్ల కట్టుబాటు.

ఇల్లు పాతది. కింద పడవల కొట్టానికి రెండు పక్కలా గోడలు, నదికి ఎగువ వైపు ఒక పెద్ద తలుపు, దిగువ వైపు ఇంకొకటి. పైన గట్టు ఎత్తులో పొడుగాటి హాలు. దాని చివర, గట్టు వైపు గోడంతా ఒకటే గాజు పలక. ప్రభుత్వం దాన్ని కాపాడదగ్గ కట్టడాల్లో చేర్చినప్పటినుంచి జట్టు పిల్లలకు ఆ ఇల్లంటే భక్తి పట్టుకుంది. మేకు కొట్టరు. తడి కాళ్లతో హాల్లోకి రారు. ఆ భక్తితోనే పొద్దున రెండు తలుపులూ మూసి, ఇసుక బస్తాలు పేర్చారు. ఇక నది లోపలికి రాదులే అనుకున్నారు.

అప్పుడు వచ్చింది ఈడిత్ కెల్సో. ఆ ఇంటి నక్షా గీసిన మనిషి. గుట్ట మీదే ఉంటుంది, ఎనభై దాటాయి. కర్ర ఊనుకుంటూ కాలిబాటన దిగి వచ్చి బస్తాల ముందు నిలబడింది.

"ఈ తెలివి ఎవరిది?" అంది.

తనదేనన్నాడు జట్టు నాయకుడు హ్యూగో. కట్టడాన్ని కాపాడదామని చేశామన్నాడు.

"మూసిన ఇల్లు పడవైపోతుంది అబ్బాయ్. తేలాలని చూస్తుంది. స్తంభాలు పెళ్లగిస్తుంది. ఆ తలుపులు పడవలకని మాత్రమే పెట్టలేదు. నది ఇటు వచ్చి అటు పోవాలని పెట్టాను."

లోపల ఎగువ తలుపు మూలిగింది. కింద సందులోంచి నీళ్లు పాములా జారుతున్నాయి. టాంసిన్ అరచెయ్యి స్తంభానికి ఆనించింది. కాంక్రీటు సన్నగా వణుకుతోంది.

తెరిస్తే ఇల్లు నిలుస్తుంది, పడవ నదిపాలవుతుంది. మూసి ఉంచితే రెండూ పోతాయి. పడవను బయట పెడదామంటే ఆ గాలి తాటాకులా ఎగరేస్తుంది. పైనున్న హాలొక్కటే దిక్కు. కానీ హాలు వాకిలి ముందు నడవా వంకర. అంత పొడుగు పడవ అక్కడ మలుపు తిరగదు.

టాంసిన్ గాజు పలక వైపు చూసింది. ఆమె చూపు ఎటు పోయిందో హ్యూగో పసిగట్టాడు.

"వద్దు చుక్కానీ. మేకు కొడితేనే జరిమానా. దాన్ని పగలగొడితే మనల్ని ఉరేస్తారు."

టాంసిన్ ముసలామె వైపు తిరిగి, ఆ గాజు తీయొచ్చా అని మెల్లగా అడిగింది. ఆ గాజు కోసం ఈడిత్ ఆ రోజుల్లో పెద్దలందరితో తగువుపడిందని అక్కడ తెలియనివాళ్లు లేరు.

ఈడిత్ గట్టెక్కి, కర్ర ఎత్తి గాజు మీద ఒక్కటి వేసింది. గాజు ఖంగుమంది గాని పగల్లేదు.

"గట్టిదే పెట్టించి చచ్చాను," అంది. "చూస్తారేం, ఇనప బల్ల తీసుకురండి."

హ్యూగో కళ్లు మూసుకుని బల్ల విసిరాడు. పలక మొత్తం ఒక్కసారిగా రాలింది. వాన హాల్లోకి కొట్టింది. అంచున మిగిలిన పెంకులు రాల్చి, నేలమీద కసరత్తు పరుపులు పరిచారు.

కింద దిగువ తలుపు దగ్గర బస్తాలు లాగేసి, తలుపు పైకెత్తారు. అప్పటికే కొట్టంలో మోకాలి లోతు. టాంసిన్ గొంతు పెంచలేదు.

"చేతులు వెయ్యండి. ఎత్తండి. భుజాలకు."

ఎనిమిది మందీ ఒక్క మనిషిలా లేచారు. గట్టు సగంలో గాలి పడవ ముక్కును పక్కకు తోసింది. వెనకవాడి కాలు జారింది. టాంసిన్ ఆగమంది. ఆగారు. ఎవరూ దించుదామనలేదు. గాలి కాస్త తగ్గగానే నడవమంది. పడవ గాజు లేని గోడలోంచి, రెండు పక్కలా జానెడు జాగాతో, హాల్లోకి దూరింది.

హ్యూగో, ఇంకొకడు మళ్లీ దిగారు. ఎగువ తలుపు బిగుసుకుపోయింది. నడుముకు తాడు కట్టుకుని, పక్క మెట్ల మీంచి తలుపును పైకెత్తే గొలుసు లాగారు. రాలేదు. మళ్లీ లాగారు. తలుపు జానెడు లేచింది, ఆపైన నదే దాన్ని పైకి నెట్టేసింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ పైకొచ్చారు.

హాలు నేల ఒక్కసారి అదిరింది. కాసేపటికి అదురు ఆగింది. కాళ్ల కింద నది ఒక తలుపున వచ్చి ఇంకో తలుపున పోతున్న చప్పుడు. టాంసిన్ స్తంభం మీద చెయ్యి పెట్టింది. వణుకు లేదు.

పడవ తుడవందే తెడ్డువాళ్లు కూర్చోరు. కింద వరద పోతున్నా సరే, గుడ్డలు తీశారు. ఈడిత్ గాజు ముక్కల మధ్య కర్ర ఊని చెయ్యి చాపింది.

"నాకూ ఒక గుడ్డ ఇవ్వు అమ్మాయ్."