అరుగు మీది నీడ

పైడయ్య వీధినాటకం ఆటకు వెళ్ళినప్పుడల్లా నూకమ్మ అరుగు మీద చాప పరిచేది. ముఖానికి రంగు పూసుకుని అతను గడప దిగేవాడు. అతని నీడ మాత్రం దిగేది కాదు. చాప మీద కూలబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, అతను తిరిగొచ్చేదాకా అక్కడే ఉండేది. వేషం కట్టినవాడి వెంట వేషం నీడే నడవాలి. ఒక మనిషికి రెండు నీడలెందుకు?

పక్కింటి ఎర్రమ్మ నిప్పు కోసం వస్తే నీడను హెచ్చరించేది. "కాళ్ళు ముడుసుకో బావా, మీద నిప్పు పడితే నా పూసీ కాదు." నీడ కాళ్ళు ముడుచుకునేది.

తిరిగొచ్చాక పైడయ్య పెరట్లో కూర్చుని చేయి చాపేవాడు. నూకమ్మ ఆ చేతిలో కొబ్బరినూనె పోసేది. రంగు తుడుస్తుంటే వేషం నీడ కరిగిపోయేది. అప్పుడు చాప మీది నీడ లేచి వచ్చి అతని పాదాలకు అతుక్కునేది. అంతవరకూ ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే ఇంటి దగ్గరి నీడ పలుకుతుంది, పిలిచినవాడి వెంట పోతుంది. ఇక వేషం నీడే మనిషికి మిగిలిపోతుంది. విశాఖపట్నం రేవులో ఓడెక్కి మలయా వచ్చిన పెద్దలు ఈ కట్టడిని కూడా మూటలో కట్టుకునే వచ్చారు. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో దాన్ని పసిపిల్లలు కూడా దాటేవారు కాదు.

పైడయ్యకు ఏనాడూ రాజు వేషం ఇవ్వలేదు. పొట్టివాడు, బొంగురు గొంతువాడు. రాజు వేషం కూలీల మేస్త్రీ అయిన కంగాణి దాసు బావమరిదిది. కూలీలను మేపేది, దొరకు కబుర్లు మోసేది కంగాణే కనుక కిరీటం ఆ ఇల్లు దాటి పోయేది కాదు. పైడయ్యకు మిగిలేవి తలారులు, పన్ను వసూలుదార్లు, తాగుబోతులు. అయినా రాజు పద్యం పాడుతుంటే జనం చుట్టలు వెలిగించుకునేవారు. పైడయ్య అడుగు పెడితే ఆ చుట్టలు చేతుల్లోనే ఆరిపోయేవి.

కొబ్బరి ధర పడిపోయి కూలి కోసేసిన ఏడాది అతని తాగుబోతు వేషం తోట సంగతులు మాట్లాడడం మొదలుపెట్టింది. కూలి కోస్తే కోశారు, ఇళ్ళ వెనకాల కల్లు దుకాణం ఎందుకు తెరిచారని ఆటలో అడిగాడు. ఆట లేని రోజుల్లో తోట తోటకీ నడిచి అదే మాట మామూలు ముఖంతో అడిగాడు. దుకాణం మూయాలని కూలీలను కూడగట్టాడు. దొర కబురు దాసు మోసుకొచ్చాడు: ఇంకోసారి నోరు తెరిస్తే పినాంగ్ రేవులో ఓడెక్కించి దేశానికి తరిమేస్తారు.

నూకమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆ కడుపుతో ఓడ ఎక్కనివ్వరు. ఎక్కనిచ్చినా ఈ తోటలోనే పుట్టిన ఆమెకు అవతలి ఒడ్డున ఎవరున్నారు?

"నవ్వించి వచ్చెయ్ మావా. తోట గొడవ నీకెందుకు?"

"తాగుబోతోడు మరేటి మాటాడతాడే? ఆడికి తెలిసింది తోటే."

"ఓడెక్కించేస్తే?"

"ఎక్కించనీలే. ఈదుకుంటా వచ్చెత్తాను."

"ఏలాకోలంగుందా? నీ బిడ్డని ఎవులెత్తుకుంటారు?"

పైడయ్య కొబ్బరి ఎండబెట్టే బట్టీలో గీకి తెచ్చిన మసిని నూనెలో కలుపుతూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం అతనిది యమభటుడి వేషం.

కొబ్బరి మట్టతో చెక్కిన కొమ్ములు తలకు కట్టుకుని అతను గడప దిగాడు. కాళ్ళ దగ్గర నుంచి కొమ్ముల నీడ వాకిలి పొడుగునా సాగింది. పొద్దుండగానే కోళ్ళు గూట్లో దూరాయి. చాప మీది నీడ మోకాళ్ళు ఇంకా దగ్గరకు లాక్కుంది. అతను వెళ్ళిన వైపు తల తిప్పలేదు.

ఆట తెల్లవార్లూ నడిచింది. పొద్దు పొడుస్తుండగా ఎర్రమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"ఓలమ్మ, నీ మొగుడు కొంప ముంచినాడే! కల్లు దుకాణం ఎట్టినోడికి ఏ నరకమని జనాన్నడిగినాడు. జనమంతా కంగాణి కుర్సీ కేసి సూసినారు. పక్కన తెల్లదొర కూడా ఉన్నాడు!"

ఆమె మాట ముగియకముందే పడమటి బాట మీద దాసు కనిపించాడు. వెనక ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు పోలీసులు. తూర్పు బాటన పైడయ్య వస్తున్నాడు. పొద్దు అతని వీపు మీదుంది. కొమ్ముల నీడ అతనికన్నా ముందే వాకిలి దాటి దాసు పాదాల మీద పడింది. దాసు వెనక్కి జరిగాడు.

"పైడయ్య ఎవడు?" ఇన్‌స్పెక్టరు అరవంలో అడిగాడు.

"ఈడే దొరా, కొమ్ములోడు," అన్నాడు దాసు.

"నీ పేరేమిటి?"

"యమభటుణ్ణి," అన్నాడు పైడయ్య. రంగు తుడవకుండా మరో పేరు చెప్పకూడదు.

గడపల్లో నిలబడ్డ ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు దాసుకు కారం రాసినట్టయింది.

"పైడయ్యా! నీ ఏసాలు సాలు, రా!"

మాట జారాక దాసు చేయి తన నోటి మీదికి పోయింది. అతనూ ఆ ఓడల్లో వచ్చినవాళ్ళ బిడ్డే. కానీ అరుగు మీది నీడ అప్పటికే "వస్తన్నాను" అని లేచింది. మెట్లు దిగి దాసు పక్కన తల వంచుకుని నిలబడింది.

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూసి నూకమ్మ వైపు తిరిగాడు. "ఇద్దరిలో నీ మొగుడు ఎవరమ్మా?"

ఆమె చేతిలో నూనె గిన్నె ఉంది. నీడ దూరం పోకముందే నూనె పోస్తే తిరిగి అతుక్కుంటుంది. అతుక్కున్న మనిషిని నిండుగా ఓడెక్కిస్తారు. నూకమ్మ కడుపు మీద చెయ్యేసుకుంది. గిన్నె నేల మీద బోర్లించింది.

"ఈడే," అని నీడను చూపించింది. "ఈడే నా పెనివిటి."

నీడ తలెత్తి ఆమెను చూసింది. ఆమె చూడలేకపోయింది.

కొమ్ముల నీడకు జంకి దాసు కూడా తలూపాడు. నీడ చేతులకు బేడీలు నిలవక, భుజం మీద చెయ్యేసి నడిపించుకుపోయారు. పైడయ్యను దేశానికి పంపేశామని రాసుకున్నారు. రాసుకున్నాక కొమ్ములవాడితో వాళ్ళకు పని లేకపోయింది.

ఎంత నూనె రుద్దినా మసి పోయిందే గానీ కొమ్ముల నీడ పోలేదు. ఆటలో రాజు ఎదుట నిలబడినా, ముసలివాడిగా వంగినా ఆ నీడే. ఇక అతన్ని ఆటకు పిలవడం మానేశారు. సాయంత్రాలు అతను కల్లు దుకాణం ఎదుటి వంతెన మీద కూర్చునేవాడు. దిగే పొద్దు అతని వెనక ఉండేది. నీడ వెళ్ళి దుకాణం గడప మీద పడుకునేది. దాన్ని దాటి లోపలికి పోయే మగాడు ఆ తోటలో పుట్టలేదు. వానలకు ముందే దుకాణం మూతపడింది. దాసు వేరే తోటకు మారిపోయాడు. పోతూ పోతూ పైడయ్య కూర్చునే బాట తప్పించి, ఏటి గట్టున చుట్టు తిరిగి పోయాడు.

కొడుకు పుట్టాడు. ఉయ్యాల మీదికి పైడయ్య వంగిన మొదటి ఉదయం, కొమ్ముల నీడ బిడ్డ గుండె మీద పడింది. బిడ్డ ఏడుపు ఆపేశాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. నూకమ్మ బిడ్డను లాక్కుని ఎర్రమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. చాలాసేపు కాళ్ళు రుద్దితే గానీ మళ్ళీ ఏడవలేదు.

అప్పటినుంచి మధ్యాహ్నం గంట కొట్టగానే పైడయ్య తోటలోంచి పరుగున వస్తాడు. పొద్దు నడినెత్తిన ఉంటుంది. నీడ పాదాల కింద అణగి ఉంటుంది. వాకిట్లో కదలకుండా నిలబడతాడు. నూకమ్మ బిడ్డను అతని చేతుల్లో పెడుతుంది. బిడ్డ అతని ముక్కు పట్టుకుని నవ్వుతాడు.

"ఇంకొంచెంసేపు," అంటాడు పైడయ్య.

నూకమ్మ బిడ్డను చూడదు. అతని పాదాల కేసే చూస్తూ ఉంటుంది.

"సాలు మావా. ఇలాగియ్యి."

బిడ్డను అందుకుని ఆమె వెనక్కి జరుగుతుంది. అతని మడమల కింద నుంచి రెండు కొమ్ముల మొనలు మెల్లగా బయటికి వస్తుంటాయి.