నిండు సోల

గుమ్మడిదల పక్కన పుష్పమ్మ పొలంలో బోరు ఆన్ చేస్తే పసుపు నీళ్లు వస్తాయి. ఎగువనున్న ఫ్యాక్టరీ వాళ్లనడిగితే మాది కాదంటారు, కాలుష్యం ఆఫీసులో అడిగితే చూస్తామంటారు. చూస్తూనే ఉన్నారు పుణ్యాత్ములు. ఆ నీళ్లకు వరి పోయింది, వంకాయ పోయింది, చివరికి అత్తగారి కాలం నుంచి ఇంట్లో ఉన్న సోయకూర కూడా మొలవడం మానేసింది.

ఆ సోయకూర పప్పులో వేస్తే వాసన వాడంతటికీ తెలిసిపోయేది. పాలు పడతాయని బాలింత ఉన్న ఇంటివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. బజారు సోయకూరకు ఆకు తప్ప ఏముంది, నా మొహం!

అందుకే విత్తనాల మీద పరిశోధన చేసే కృష్ణప్రియ గుమ్మంలోకి వచ్చినప్పుడు పుష్పమ్మకు ప్రాణం లేచివచ్చింది.

"ఒక్కో ఊరి సోయకూర గింజలో నూనె ఒక్కోలా ఉంటుందమ్మా. తల్లి ముక్కు బిడ్డకు వచ్చినట్టు ఆ వాసన విత్తనంలోనే వస్తుంది. మీది మంచి నేలలో పెంచి దాచిపెడతాం, మీకూ తెచ్చిస్తాం. చిటికెడు ఇవ్వండి చాలు" అంది ఆ పిల్ల.

"రేపు రా బిడ్డా, తీసిపెడత."

బూడిదలో దాచిన గింజలు జల్లించి కొలిచే సోలలో పోస్తే సగానికి కూడా రాలేదు. ఆ ఇంట్లో విత్తనం వెలితిగా ఇచ్చే అలవాటు లేదు. ఎవరడిగినా అత్తగారు సోల నిండా, పైన పొర్లేట్టు పోసిచ్చేది. వెలితి సోల ఇస్తే తీసుకున్నవాళ్ల చేను పండదని ఆమె నమ్మకం.

"ఉన్నయే ఇయ్యరాదే" అన్నాడు భర్త లింగం.

"సగం సోల చేతుల వెడ్తే ఆ పిల్ల ఏమనుకుంటది? నువ్వు జల్దీ దుకాణంకు పో."

బజారు గింజలు తెప్పించి కలిపింది. సోల నిండింది. తనకంటూ ఒక్క గింజ ఉంచుకోలేదు, ఎలాగూ తన నేలలో చచ్చేవే కదా అని. పచ్చగ పండాలని దండం పెట్టి మరీ ఇచ్చింది.

పంట చేతికొచ్చాక కృష్ణప్రియ మళ్లీ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"పాత గింజలు కదా, ఎన్ని మొలుస్తాయోనని అన్నీ ఒకే మడిలో చల్లేశామమ్మా. నూనె తీసి చూస్తే మొక్కకూ మొక్కకూ పొంతన లేదు. ఒకే రకంలో ఇంత తేడా రాదు. ఏమైనా కలిపారా?"

"కలిపిన బిడ్డా. సోల నిండలే, బజారువి పోసిన" అంది పుష్పమ్మ, మంచిపనే చెప్తున్నట్టు.

కృష్ణప్రియ అరుగు మీద కూలబడింది. "పూత మీద తేనెటీగలు రెండింటినీ కలిపేశాయి. ఇక మీ రకం విడిగా రాదు."

"ఏరితె రాదా? నేను గూసుండి ఏరుత."

"ఏరితే వచ్చేది కాదమ్మా. పాత గింజలు ఇంకేమైనా ఉన్నాయా?"

పుష్పమ్మ కుండ తెచ్చి బోర్లించింది. బూడిద రాలింది. కృష్ణప్రియ తెచ్చిన కొత్త గింజలు తీసుకుని పుష్పమ్మ అరచేతిలో నలిపి వాసన చూసింది. అత్తగారి సోయకూర ఉన్నట్టే ఉంది, అంతలోనే లేదు. మళ్లీ నలిపింది. చేతులారా చంపుకున్నానని అప్పటికి తెలిసింది.

"చిటికెడు చాలన్నాను కదమ్మా" అంది కృష్ణప్రియ మెల్లగా.

"గట్ల అందరు అంటరు బిడ్డా" అంది పుష్పమ్మ. "మొహమాటానికి అంటున్నవనుకున్న."